పాత కారు గేరుపెట్టెను ఇంటికడ మార్చుకొనుట

కొల్లిపర, తెనాలి ప్రాంతపు పల్లెలలో పాత కారు విలాసవస్తువు కాదు. అరటిగెలలకు, పసుపునకు, ధాన్యమునకు ట్రాక్టరులును లారీలును కలవు. కాని అపరాత్రివేళ జబ్బుపడిన ముసలివారిని తెనాలికో గుంటూరునకో చేర్చవలసివచ్చినపుడు, విత్తనములకై పోయిన నలుగురు సభ్యులు ఒక్క ఖర్చుతో మరలి రావలసినపుడు, వాకిట నున్న పాత కారే అక్కరకు వచ్చుచున్నది. అట్టి బండి గేరుపెట్టె అరిగి మొరాయించినయెడల యజమానునికి మూడు త్రోవలు కనబడును. పాత యినుమునకు అమ్మివేయుట మొదటిది. పట్టణపు షెడ్డులో విడిచివచ్చుట రెండవది. ఇంటికడనే మార్చుకొనుట మూడవది. ఈ మూడవ త్రోవను గూర్చి ఈ పాఠమున వివరించుచున్నాము.

మొదటనే ఒక్కమాట. బోల్టులు విప్పి బిగించుట ఈ పనిలో సులభమైన భాగము. యంత్రపు పనియందు కొంత చేయి తిరిగిన రైతునకు, తోడు ఇద్దరున్నయెడల, రెండు మూడు దినములు చాలును. కష్టమైనవి రెండే. చెడినది నిజముగా గేరుపెట్టెయే యని తేల్చుకొనుట ఒకటి. బండిక్రింద దూరిన మనుష్యుడు క్షేమముగా వెలుపలికి వచ్చునట్లు బండిని నిలుపుట రెండవది. మొదటిదానిలో తప్పినచో ధనము పోవును. రెండవదానిలో తప్పినచో ప్రాణము పోవును.

ఉదాహరణమునకు హిందూస్థాన్ అంబాసిడరు కారును తీసికొందము. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును మాతృకగా గొని, 1957వ సంవత్సరము మొదలు కలకత్తా చెంత ఉత్తరపాడ యందు తయారైన ఈ బండి నిర్మాణము 2014లో నిలిచిపోయినది. ఇందు ఇంజను ముందుండును. దాని వెనుక క్లచ్చి, ఆ వెనుక గేరుపెట్టె, అక్కడనుండి పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు, కడపట వెనుక ఇరుసు, ఇవి యన్నియు ఒకే వరుసలో నుండును. ప్రీమియర్ పద్మిని వరుసయు ఇట్టిదే. 1983లో వచ్చిన మారుతి 800 మొదలగు బండ్లలో గేరుపెట్టె ఇంజను ప్రక్కన అడ్డముగా నుండి ముందు చక్రములను త్రిప్పును. అట్టివానికి ఇందలి పరీక్షలు కొన్ని పనికివచ్చునుగాని విప్పు పద్ధతి వేరు.

1. గేరుపెట్టె చేయు పని

బండరాతిని కదల్చునపుడు పొడవైన గునపము తీసికొందుము. చేతికొన జానెడు దిగిన, రాయి అంగుళము లేచును. దూరమును పోగొట్టుకొని బలమును సంపాదించుటయే ఇందలి కీలకము. గేరుపెట్టెలోని పండ్లచక్రములు చేయు పనియు ఇదియే. మొదటి గేరున ఇంజను పెక్కు చుట్లు తిరిగినగాని వెనుక షాఫ్టు ఒక చుట్టు తిరుగదు; బలము హెచ్చు, వేగము తక్కువ. నాలుగవ గేరున ఇంజను ఒక చుట్టు తిరిగిన షాఫ్టును ఒక్క చుట్టే తిరుగును.

పెట్టెలోపల ముఖ్యముగా మూడు షాఫ్టులుండును. క్లచ్చినుండి వచ్చునది ఒకటి. క్రింద నుండునది, లే షాఫ్టు అనునది, రెండవది. వెనుకకు పోవునది మూడవది. మొదటి మూడు గేర్లయందును బలము క్రింది షాఫ్టు మీదుగా పోవును. నాలుగవ గేరున మాత్రము ముందు షాఫ్టును వెనుక షాఫ్టును నేరుగా ముడిపడును. క్రింది షాఫ్టు బరువు లేక ఊరక తిరుగుచుండును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు పరీక్షలలో ఒకటి దీనిపైననే ఆధారపడియున్నది.

ఇక ఇత్తడి రింగుల సంగతి. నడచుచున్న రెండెద్దులను ఒక కాడికి పూన్చవలెనన్న ముందు రెండింటి నడకయు సమము కావలెను గదా. గేర్లకును అంతే. పండ్లు కలియుటకు ముందు రెండు చక్రముల వేగమును సమపరచుటకై సింక్రోమెష్ అను ఏర్పాటు 1928లో అమెరికా దేశపు కాడిలాక్ కార్లలో మొదట వచ్చినది. ఇందలి రింగులు రాపిడిచే వేగమును సరిపరచును. ఆ రాపిడిచేతనే అరిగిపోవును. నాలుగు గేర్ల అంబాసిడరునందు మొదటి గేరునకు ఈ రింగు లేదు. కావున బండి పూర్తిగా నిలువకముందే మొదటి గేరు వేయువారు తమ పెట్టెను తామే నమలుచున్నవారగుదురు.

2. చెడినది పెట్టెయేనా?

గేరు పడనంతమాత్రమున పెట్టె చెడినదని తీర్మానింపరాదు. ఈ క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను.

(అ) బండిని నిలిపి, గేరు లేకుండ ఇంజను నడుపుము. క్లచ్చి పెడలు పైనుండగా గురగుర ధ్వని కలిగి, పెడలు త్రొక్కగానే ఆగినయెడల పెట్టెలోని ముందు షాఫ్టు బేరింగుగాని క్రింది షాఫ్టు బేరింగుగాని అరిగినదని అర్థము. అట్లుకాక పెడలు త్రొక్కినపుడే ధ్వని పుట్టినచో దోషము క్లచ్చి బేరింగుది.

(ఆ) ఇంజను మెల్లగా నడుచుచుండగా పెడలు పూర్తిగా త్రొక్కి, పది లెక్కపెట్టి, వెనుక గేరు వేయుము. అప్పుడును పండ్లు కరకరలాడినచో క్లచ్చి పూర్తిగా విడుచుటలేదన్నమాట. అట్టి బండికి అన్ని గేర్లును కష్టముగానే పడును. ముందు క్లచ్చి కడ్డీని సరిచేయుము. నూనెతో పనిచేయు క్లచ్చి యైనచో దాని నూనెమట్టమును, లోని గాలిని చూడుము. కరకర ఒక్క గేరునందే యున్నచో, ఆ గేరు రింగు అరిగినది.

(ఇ) నడుచునపుడు 1, 2, 3 గేర్లయందు మ్రోత యుండి నాలుగవదానియందు తగ్గినయెడల క్రింది షాఫ్టుగాని దాని బేరింగులుగాని అరిగినవి. అన్ని గేర్లయందును ఒకే రీతిగా మ్రోగినచో, రద్దీలేని తిన్నని రోడ్డుపై ఇంజను ఆపకయే గేరు తీసి బండిని దానంతట దొర్లనిమ్ము. మ్రోత అట్లే నిలిచినయెడల అది చాలవరకు ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులదో, వెనుక ఇరుసుదో, చక్రపు బేరింగుదో యని తలపవలెను.

(ఈ) పోవుచుండగా గేరు తనంతట ఊడివచ్చుచున్నచో పెట్టెలోని పండ్లు అరిగియుండవచ్చును. అయినను ముందుగా ఇంజనును పెట్టెను మోయు రబ్బరు దిమ్మెలను చూడవలెను. అవి చినిగి పెట్టె అటునిటు ఊగినను గేరు ఊడును.

(ఉ) స్టీరింగు ప్రక్కన గేరుకఱ్ఱ యున్న పాత అంబాసిడరులలో గేరు దొరకకపోవుటకు ఆ కఱ్ఱనుండి పెట్టెవరకు పోవు కడ్డీల బుష్షులు అరుగుటయు ఒక ముఖ్యకారణము. బుష్షుల వెల యెంత, పెట్టె వెల యెంత!

మేమెఱిగిన ఒక రైతు మ్రోతకు వెరచి పెట్టెను మార్పించెను. మార్చిన మరునాడును అదే మ్రోత. తుదకు చూడగా ప్రొపెల్లరు షాఫ్టు వెనుక క్రాసులో సూదులవంటి రోలర్లు పొడియైయున్నవి. పెట్టె సొమ్ము వృథాయైనది. పరీక్షకు పట్టు పూటకాలము దండుగ కాదని దీనివలన తెలియును.

3. నూనె చెప్పు సాక్ష్యము

పరీక్షలన్నియు పెట్టెపైననే వ్రేలు చూపినపుడు, ఇంకను ఒక సాక్షిని విచారింపవలెను. అది లోపలి నూనె. బండిని కొంతదూరము నడిపి, నూనె వెచ్చబడినపిమ్మట తెల్లని పళ్లెములోనికి దింపుము. అడుగుబిరడాకు బూడిదరంగు పేస్టువలె కొంచెము అంటియుండుట సహజము, భయపడనక్కరలేదు. బంగారపు పొడివలె మెరయునది ఇత్తడి రింగుల అరుగుదల. అయస్కాంతమునకు అంటు రేకులు బేరింగులవి. పంటిముక్క వచ్చినయెడల ఇక తర్కము లేదు, పెట్టె మార్చవలసినదే.

నూనె పాలవలె తెల్లబడియున్నచో లోపల నీరు చేరినదని తెలిసికొనవలెను. కృష్ణ ఒడ్డున నున్న మనకు ఇది ముఖ్యమైన విషయము. 2009 అక్టోబరునందును, 2024 సెప్టెంబరునందును వచ్చిన పెద్దవరదల వంటివానిలో మునిగిన బండి గేరుపెట్టెకు గాలి రంధ్రముగుండ నీరు పోవును. బండి పైకి ఎండిపోవును. లోని నీరు పోదు. బేరింగులు త్రుప్పుపట్టి, నెలలు గడచిన తరువాత మ్రోత బయలుదేరును. కావున మునిగిన బండికి ఇంజను నూనెతోపాటు గేరుపెట్టె నూనెను, వెనుక ఇరుసు నూనెను ఆ వారమే మార్చవలెను.

4. మారుపెట్టె కొనుట

ఈ బండ్లు తయారగుట నిలిచినందున వాడిన పెట్టెయే సాధారణముగా దొరకును. మనకు దగ్గర బెజవాడయందలి జవహర్ ఆటోనగరున పాతభాగములు అమ్మువారు పెక్కురు కలరు. అమ్మువాని మాటకంటె మన చేతులను నమ్ముట మేలు.

పాతపెట్టెను విప్పకముందే కొత్తదానికై పోరాదు. రెండును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిన పిమ్మటనే సొమ్ము చెల్లించుట మంచిది. పైమూత తీయించి పండ్ల అంచులను చూడవలెను. గుండ్రముగా అరిగినవి, చిట్లినవి పనికిరావు. ముందు షాఫ్టును చేతితో త్రిప్పుచు ఒక్కొక్క గేరు వేసి చూడవలెను. నాలుగవ గేరున ముందు ఒక చుట్టు తిరిగిన వెనుకను ఒకటే తిరుగవలెను. వెనుక గేరున ఎదురుదిక్కునకు తిరుగవలెను. ఎక్కడను పట్టివేయుటగాని గరగరగాని యుండరాదు. షాఫ్టుకొనను పట్టి పైకి క్రిందికి ఊపినపుడు స్పష్టమైన వదులు తెలియరాదు. క్లచ్చిపళ్లెములో దూరు షాఫ్టుమీది గాళ్లను లెక్కపెట్టి మనదానితో సరిపోల్చవలెను. గంటవలె నుండు ముందుభాగపు చెవులకు పగుళ్లున్నవేమో గోటితో గీచి చూడవలెను.

స్టీరింగు ప్రక్కకఱ్ఱ పెట్టెకును నేలకఱ్ఱ పెట్టెకును భేదము కలదు. తరువాతి కాలపు ఇసుజు ఇంజను అంబాసిడరు పెట్టె అయిదు గేర్లది. అది పాత ఇంజనునకు నేరుగా కుదురదు. అదే జాతి పెట్టెను వేసినందున బండి రిజిస్ట్రేషను పత్రములోని చాసిస్ సంఖ్యగాని ఇంజను సంఖ్యగాని మారదు. ఇంజనుతో కూడ కలిపి మార్చినచో మాత్రము రవాణాశాఖ కార్యాలయమున నమోదు చేయింపవలెను.

5. బండిని నిలుపుట

సభ్యులారా, ఈ భాగమును రెండుసార్లు చదువుడు.

జాకీ బండిని ఎత్తుటకేగాని మోయుటకు కాదు. దానిలోని చిన్న రబ్బరు వాసరు తెగినచో బండి రెప్పపాటులో దిగును. ఎత్తినవెంటనే నాలుగు ఇనుపస్టాండులపై బండిని దింపవలెను. స్టాండులు చాసిస్ బలమైనచోట తగులవలెను. పలుచని రేకునకు తగిలించరాదు.

మన నల్లరేగడి నేల పైకి గట్టిగా కనబడును. బరువు పడగా, తడి తగులగా క్రుంగును. పేడ అలికిన వాకిలియు అట్టిదే. సిమెంటు చేసిన కళ్లము శ్రేష్ఠము. అది లేనిచో ప్రతి స్టాండు క్రిందను మందపు పలక వేయవలెను. ఇటుకలు, బోలు సిమెంటుదిమ్మెలు ఒక్కసారిగా పగిలిపోవును. గుండ్రని కొయ్యమొద్దులు దొర్లును. వీనిపై ఎన్నడును బండిని నిలుపరాదు. గొయ్యి త్రవ్వి అందు దిగి పని చేయుదమనువారున్నారు. రేగడిగోడ విరిగిపడును, పెట్రోలు ఆవిరి గోతిలోనే నిలుచును. కావున అదియు వలదు.

స్టాండులపై దింపిన పిమ్మట ఇద్దరు పురుషులు బండిని ప్రక్కనుండి గట్టిగా త్రోసి చూడవలెను. కదలనపుడే లోనికి దూరవలెను. విప్పిన చక్రములను బండి అంచు క్రింద పరుండబెట్టిన రెండవ కాపుగా నుండును. ఒంటరిగా పని చేయరాదు. వెలుపల ఒకరు ఎల్లప్పుడు నుండవలెను. పిల్లలను ఆ దరికి రానీయరాదు. కన్నులకు అద్దములు పెట్టుకొనవలెను. పైనుండి రాలు మట్టి కంటిలోనే పడును.

6. విప్పుట

అంబాసిడరునకు అంగుళపు కొలత పానాలు కావలెను. మిల్లీమీటరు పానాలతో తంటాలు పడినచో నట్టు మూలలు అరిగి, పని రెట్టింపగును. త్రుప్పుపట్టిన బోల్టులకు ముందునాటి రాత్రియే నూనె పట్టింపవలెను.

మొదట బ్యాటరీ నెగటివు తీగను తీయుము. నూనె దింపుము. ప్రొపెల్లరు షాఫ్టు కలియుచోట రెండు అంచులపైనను సుత్తి, ఉలితో గుర్తు పెట్టుము; మఱల అదేవిధముగా కలుపనిచో నడుచునపుడు బండి అదరును. ఆ పిమ్మట షాఫ్టును తీయుము. కొన్ని బండ్లలో ముందుకొన పెట్టెలోనుండి జారివచ్చును. అచ్చోట గుడ్డ కుక్కనిచో మిగిలిన నూనె ముఖముపై పడును. తరువాత స్పీడుమీటరు తీగను, గేరుకడ్డీలను, క్లచ్చికడ్డీనిగాని గొట్టమునుగాని, స్టార్టరు మోటారును విడదీయుము.

ఒక అట్టముక్కపై పెట్టె బొమ్మ గీచి, ఏ బోల్టు ఎచ్చటిదో అచ్చట గ్రుచ్చియుంచిన, బిగించునపుడు వెదకులాట యుండదు.

ఇక ముఖ్యమైన ఘట్టము. పెట్టె క్రింది అడ్డదూలమును తీసినపుడు ఇంజను వెనుకభాగమునకు ఆధారము పోవును. కావున ముందుగానే ఇంజను క్రింద పలక వేసి ఒక జాకీ ఆనింపవలెను. పెట్టె క్రింద మఱొక జాకీ పెట్టి, పెట్టెను దానికి త్రాటితో కట్టవలెను. ఆ మీదట అడ్డదూలమును, గంటబోల్టులను తీయవలెను. పైనున్న రెండు బోల్టులను చివరివరకు ఉంచుకొనవలెను. వానిని తీసి, పెట్టెను తిన్నగా వెనుకకు లాగవలెను. షాఫ్టు క్లచ్చిలోనుండి పూర్తిగా వెలువడువరకు పెట్టెబరువు దానిపై వ్రేలాడరాదు. వ్రేలాడినచో క్లచ్చిపళ్లెము వంగును.

7. క్లచ్చిని చూచుట

పెట్టె దిగినపుడు క్లచ్చి చేతికందును. పళ్లెము రివిట్లకు దగ్గరగా అరిగియున్నను, నూనెతో తడిసియున్నను ఇప్పుడే మార్చవలెను. బేరింగును, ఇంజను షాఫ్టుకొన నుండు చిన్న బుష్షును కూడ చూడవలెను. ఈ చిల్లరవస్తువులకు వెనుదీసి, మూడునెలలకు మఱల పెట్టెను దింపుట తెలివి కాదు. పాతపళ్లెముల ధూళిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హానికరము. నోటితోగాని గాలిపంపుతోగాని ఊదక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను.

కొత్తపళ్లెమును బిగించునపుడు పాతపెట్టె ముందు షాఫ్టునుగాని, ఆ కొలతకు తరిణె పట్టించిన కొయ్యనుగాని నడుమ దూర్చి కేంద్రమునకు సరిపెట్టవలెను. లేనిచో కొత్తపెట్టె ఎంత త్రోసినను లోనికి పోదు.

8. ఎక్కించుట, నూనె పోయుట

దింపిన క్రమమునకు ఎదురుక్రమమున ఎక్కించవలెను. పెట్టెకు గేరు వేసి వెనుకకొనను కొంచెము కొంచెముగా త్రిప్పుచు త్రోసినచో గాళ్లు కలిసి లోనికి పోవును. గంట అంచు ఇంజనునకు పూర్తిగా ఆనిన తరువాతనే బోల్టులు బిగించవలెను. ఎడముండగా బోల్టులతో లాగి దగ్గర చేయబోయినచో చెవి విరుగును. వేయి జాగ్రత్తలు తీసికొనినవారు ఈ తొందరలోనే పెట్టెను పాడుచేసికొనుచుందురు.

నూనె బండి పుస్తకమున చెప్పినదే పోయవలెను. డబ్బాపై జి.ఎల్. 4, జి.ఎల్. 5 అను గుర్తులుండును. రెండవజాతి వెనుక ఇరుసునకు తగినది. అందలి గంధకపు మందులు కొన్ని గేరుపెట్టెలోని ఇత్తడి రింగులను తినివేయవచ్చును. కావున వెనుక ఇరుసు నూనెయే దీనికిని చాలునని పోయరాదు. బండి సమమట్టముగా నున్నపుడు కొలకఱ్ఱ గుర్తువరకుగాని మట్టపు రంధ్రమువరకుగాని నింపి ఆపవలెను.

దింపిన పాతనూనెను కాలువలోను గట్లమీదను పోయుట పాపమేగాక నష్టము. కొద్ది నూనె చాల నీటిని చెరచును. దానిని డబ్బాలో నింపి, పాతనూనె కొనువారికి ఇచ్చివేయవలెను.

బండిని నేలపై దింపి, ముందు గేరు లేకుండ ఇంజను నడిపి వినవలెను. తరువాత ఒక్కొక్క గేరున మెల్లగా ఊరిచుట్టు నడిపి, ఆపి, క్రింద నూనె కారుచున్నదేమో చూడవలెను. వంద కిలోమీటరులు నడచిన పిమ్మట బోల్టులన్నింటిని మఱల బిగించి, నూనెమట్టము చూచినయెడల పని ముగిసినట్లు.

9. సంఘము చేయదగినది

నాలుగు ఇనుపస్టాండులు, ఒక మంచి జాకీ, ఒక అంగుళపు పానాల పెట్టె ఒక్క రైతు కొనుట భారము. అవి అతనికి ఏడాదికొక్కసారియైన అవసరముపడవు. అవి లేనందుననే ఇటుకలపై బండిని నిలుపుచున్నారు. తైవానుపంపును, నూర్పిడియంత్రమును అద్దెకిచ్చు విధముననే సంఘము ఈ పనిముట్లను కొని సభ్యులకు స్వల్ప అద్దెకు ఇచ్చినచో సొమ్ము కొలదికాలములో తిరిగివచ్చును. ఒక మనుష్యుని ప్రాణము నిలిచినను, ఆ లాభము ఏ లెక్కల పుస్తకమునందును వ్రాయశక్యము కాదు.

సభ్యులు తమలో చర్చించుకొనదగిన ప్రశ్నలు

1. నాలుగవ గేరున మ్రోత తగ్గినచో ఏ భాగము అరిగినదని చెప్పవచ్చును? ఏల?
2. క్లచ్చి పూర్తిగా విడుచుటలేదని తెలిసికొనుటకు ఏ పరీక్ష చేయవలెను?
3. నూనెలో బంగారపు పొడి, పంటిముక్క, తెల్లని నురుగు వేర్వేరుగా ఏమి తెలుపును?
4. వరదలో మునిగిన బండికి ఆ వారమే చేయవలసిన పని యేది?
5. జాకీపైననే బండి యుండగా క్రింద దూరుట ఏల తగదు?
6. గంట అంచు ఆనకముందు బోల్టులు బిగించినచో ఏమగును?

ఈ యారింటికిని తడుముకొనకుండ బదులు చెప్పగలవారు పానా చేతబట్టవచ్చును. చెప్పలేనివారు పాఠమును మఱొకసారి చదివి, తెలిసినవారిని తోడుచేసికొని మొదలుపెట్టుట క్షేమము.